కమాండ్ లేదన్నందుకు ముక్కు పగిలింది

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి పైగదిలో నల్లగొండ మహేష్, కాకినాడ రవి కిరాయికి ఉంటారు. ఈ రోజు నాలుగింటికి రవికి లాప్‌టాప్‌లోనే ఇంటర్వ్యూ. దానికి కావాల్సిన కొత్త కమాండ్‌ను మహేష్ అందులో ఎక్కించాడు. కమాండ్లు టైప్ చేసే నల్ల విండోలో రవి దాన్ని కొట్టి చూస్తే, అలాంటి కమాండే లేదని వచ్చింది. తీసేసి మళ్లీ ఎక్కించినా అదే జవాబు.

పైన చప్పుడైతే కర్ర పట్టుకొని మెట్లెక్కాను. రవి మహేష్ గొంతు పట్టుకొని గోడకేసి గుద్దుతున్నాడు.

“నా ఉద్యోగం చెడగొట్టాలనే కదరా పాడు చేశావు!”

“ఎక్కించిన అంటున్న గదరా, ఇడువు!” అంటూ మహేష్ వాడి ముక్కు మీద గుద్దాడు. రవి చొక్కా నిండా రక్తం.

ఇద్దరి వీపులూ వాయించాను. తప్పించుకోబోయి రవి లాప్‌టాప్ మీద పడ్డాడు. వాడి మోచేయి తగిలి ఆ నల్ల విండో మూసుకుపోయింది. మళ్లీ తెరిచి కొడితే కమాండ్ పనిచేసింది! కొత్తది ఎక్కించాక ఆ విండో మూసి తెరవాలట. అప్పటికే తెరిచి ఉన్నదానికి కొత్తది వచ్చిన సంగతి తెలియదట.

“గింత సదివి గదొక్కటి తెల్వదారా?” అన్నాను. మహేష్ తన చొక్కా విప్పి రవికి తొడిగాడు.

ముక్కులో దూదితోనే రవి ఇంటర్వ్యూకి కూర్చున్నాడు. ఏమైందని వాళ్లడిగితే మెట్ల మీద జారిపడ్డానన్నాడు. ఆ మెట్లు నేను దగ్గరుండి కట్టించినవి. ఇన్నేళ్లలో వాటి మీద ఒక్కడూ జారలేదు. వీడికి ఉద్యోగం రావాలని మొక్కాలా, గది ఖాళీ చేయించాలా? మీరే చెప్పండి.