అక్కయ్య గురక

మా అక్కయ్య మంచి టీచరే గానీ ఆవిడకు ఒకటే జబ్బు. పిల్లలు పైకి చదవడం మొదలుపెడితే చాలు, కుర్చీలోనే గురక పెట్టేస్తుంది. ఆవిడ క్లాసుకూ నా క్లాసుకూ మధ్య ఉన్నది చెక్క అడ్డుగోడ ఒక్కటే. వినలేక చచ్చేదాన్ని.

"అక్కయ్యకు రాత్రిళ్ళు నిద్ర ఉండదా బావగారూ?" అని ఒకసారి అడిగాను.

"హాయిగా పడుకుంటుందమ్మా. గురక మాత్రం నేనింతవరకూ విననేలేదు. మీ బడిలోనే ఏదో ఉంది" అన్నారాయన.

ఆ క్లాసులో ఎక్స్‌ప్రెస్ అని అందరూ పిలిచే ఒక పిల్ల. మిగతావాళ్ళు పేజీ తిప్పేలోగా కథంతా మింగేసి దిక్కులు చూసేది. అక్కయ్య ఉలిక్కిపడి లేచి దాన్నే పట్టుకునేది.

"అయ్యో, కునుకు పట్టేసిందే! ఇంతకీ ఏనుగు ఆ గొడుగు ఎందుకు దాచేసింది?"

"పుస్తకంలో రాయలేదు టీచర్."

"అయితే నువ్వే ఆలోచించి చెప్పు. నేను నిద్రపోయానుగా, నాకేం తెలుసు!"

పాపం ఎక్స్‌ప్రెస్ పీరియడ్ అయ్యేదాకా బుర్ర గోక్కునేది.

వెనక బల్ల మీద చిన్నారి. ఎవరైనా చూస్తుంటే దానికి గొంతు పెగలదు. ఒక్క పేజీ అయినా చదవకపోతే కింది క్లాసుకు పంపించేస్తానని, తనే వచ్చి వింటానని హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పారు.

"ఇవాళొక్కరోజు కళ్ళు తెరుచుకుని ఉండవే తల్లీ, నీకు దండం పెడతాను" అని ఆవిడ వచ్చే రోజు పొద్దున్నే అక్కయ్యను బతిమాలాను.

"అలాగేలేవే" అంది అక్కయ్య.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సర్దుకున్నారు. చిన్నారి పుస్తకం వెనక దాక్కుంది. మాట లేదు, పలుకు లేదు. అంతలో గుర్రుమంటూ గురక! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

హెడ్‌మిస్ట్రెస్ కేకలేసేలోపే సన్నటి గొంతు వినిపించింది. "ఏ...నుగు... మెల్లగా... చప్... చప్..."

గురక ఆగింది.

"చప్పుడు!"

గురక మళ్ళీ సాగింది. అప్పటికి గాని నా మట్టిబుర్రకు విషయం ఎక్కలేదు. అక్కయ్యను అక్కడికక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

పేజీ పూర్తయింది. "మీ టీచర్ రోజూ ఇలాగే నిద్రపోతారా?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

చిన్నారి గొంతు తగ్గించింది. "నిద్ర కాదండీ. తప్పు చదివినా, మధ్యలో తట్టుకున్నా గురక ఆగిపోతుంది. మాకు తెలుసని టీచర్‌కి చెప్పకండేం."

అక్కయ్య గురక ఒక్కసారి తడబడింది.

హెడ్‌మిస్ట్రెస్ కింది క్లాసు ఊసే ఎత్తలేదు. "ఇంకో పేజీ చదవమ్మా" అంటూ కుర్చీలో వెనక్కి వాలి, ఆవిడ కూడా కళ్ళు మూసుకున్నారు. గురక మాత్రం ఆవిడకు అంత బాగా కుదరలేదు.