ఏప్రిల్ పదకొండా, నవంబర్ నాలుగా

మా పెద్దమ్మను గోడౌన్‌లో అందరూ క్యాలెండరమ్మ అనేవారు. మొదట్లో వెక్కిరింతగా అన్నారు, పోనుపోను అదే పేరైపోయింది. జీతాలిచ్చే గుమాస్తా కూడా ఆవిడ అసలు పేరు మర్చిపోయి, కిటికీలోంచి క్యాలెండరమ్మా అని కేకేసేవాడు. ఆవిడకి కోపం వచ్చేది కాదు. పుట్టగానే పెట్టిన పేరులో మన కష్టం ఏముంది, ఇదైతే నేను సంపాదించుకున్నది అనేది.

అది మందుల గోడౌన్. రకరకాల దేశాల నుంచి అట్టపెట్టెలు దిగేవి, అక్కడి నుంచి ఆసుపత్రులకు వెళ్లేవి. ప్రతి పెట్టె మీదా గడువు తేదీ ఉంటుంది. చిక్కంతా అక్కడే. ఒక దేశంవాళ్లు రోజు ముందు వేసి తర్వాత నెల వేస్తారు. ఇంకో దేశంవాళ్లు నెలను ముందు కూర్చోబెడతారు. మరొకళ్లు ఏకంగా సంవత్సరంతోనే మొదలుపెడతారు. అందరికీ ఉన్నది ఒక్కటే సూర్యుడు కదా, ఈ పట్టుదలలేమిటని నాకు ఒళ్లు మండేది. పెద్దమ్మ మాత్రం నవ్వేది. గరిటెలు పెట్టే చోటు ఒక్కో వంటింట్లో ఒక్కోలా ఉండదా, పరాయి వంటింట్లోకి వెళ్తే అడిగి తీసుకోవాలి గానీ తడుముకుంటే చెయ్యి కాలుతుంది అనేది. రెండంకెల్లో ఒకటి పన్నెండు దాటితే బతికిపోయినట్టే, అది నెల కాదని తెలిసిపోతుంది. రెండూ పన్నెండు లోపే ఉంటే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని చూడాలి.

అందుకే ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. పెట్టె దిగగానే ఒకరు అది ఏ దేశం నుంచి వచ్చిందో చూసి, తేదీని పైకి చదవాలి. నెలను అంకెతో పలకకూడదు, పేరుతోనే పిలవాలి. నంబర్లు ఖైదీలకిస్తారు, నెలలేం పాపం చేశాయి అనేది. రెండో మనిషి అదే మాట తిరిగి చెప్పి, పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాయాలి. రాసేవాళ్లు సొంతంగా చదవకూడదు. చదివేవాళ్లు రాయకూడదు. ఈ పద్ధతి గురించి ఆవిడ చెప్పుకోని రోజు లేదు. కొత్తగా ఎవరు చేరినా నిలబెట్టి మరీ చెప్పేది, మేనేజరుకైతే ఎన్నిసార్లు చెప్పిందో. నా బల్ల దగ్గర నేను చదవకుండా ఒక్క అక్షరం పెట్టెక్కదండీ అనేది గర్వంగా.

ఆ రెండో మనిషి మా అమ్మ. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే మా అమ్మను పెంచింది పెద్దమ్మే. ఎవరైనా తన పెళ్లి మాట ఎత్తితే, ఈ పిల్లకి జడ వేయడంతోనే తెల్లారిపోతోంది, మొగుడికి ఎక్కడ వండేది అని మాట మార్చేసిందట. మా నాన్న మమ్మల్ని వదిలేసి చేతులు దులుపుకుని పోయినప్పుడు, మమ్మల్ని ఇంటికి తెచ్చుకుని, మేనేజరును బతిమాలి అమ్మను తన బల్ల దగ్గరే పనిలో పెట్టించింది. తర్వాత నన్ను ప్యాకింగులో చేర్పించిందీ ఆవిడే. మేం ముగ్గురం కలిసి ఒకే టిఫిన్ క్యారియర్ పట్టుకుని పనికి వెళ్లేవాళ్లం.

ఒకరోజు కంటి చుక్కల మందు వచ్చింది, నెలను ముందు వేసే దేశం నుంచి. పెట్టెల మీద మొదట నాలుగు, తర్వాత పదకొండు. ఏప్రిల్ పదకొండన్నమాట. అదే సమయానికి గేటు దగ్గర రెండు లారీలు ఎదురెదురుగా ఇరుక్కుని, డ్రైవర్లు ఒకరి మీదొకరు ఒంటికాలిమీద లేస్తున్నారు. నేనొచ్చేదాకా ఆ పెట్టెలు ముట్టుకోకు అని చెప్పి పెద్దమ్మ గేటు దగ్గరికి వెళ్లింది. మా అమ్మ ఆగలేదు. రోజూ చూస్తున్నదే కదా, ఆమాత్రం నేను చదవలేనా అనుకుంది. తనే చదువుకుని, తనే రాసేసింది, నవంబర్ నాలుగు అని. పెద్దమ్మ వచ్చేసరికి పెట్టెలు అరల్లోకి ఎక్కిపోయాయి. నువ్వు లేవని పక్కబల్ల ఆయన చదివాడక్కా అని చెప్పింది. ఆవిడ నమ్మింది. చెల్లెలి మాటను సరిచూసుకునే అలవాటు ఆవిడకు లేదు.

ఏప్రిల్ వెళ్లిపోయింది. ఎండలు తగ్గాక ఆ మందు ఒక కంటి ఆసుపత్రికి వెళ్లింది. చుక్కలు వేయించుకున్నవాళ్ల కళ్లు నిప్పుల్లా ఎర్రబడ్డాయి. ఎవరికీ చూపు పోలేదు, అదొక్కటే అదృష్టం. ఆసుపత్రివాళ్లు పెట్టెలన్నీ వెనక్కి పంపి మేనేజరును దులిపేశారు. పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి, అక్కచెల్లెళ్లిద్దరినీ గదిలోకి పిలిచాడు. రాత అమ్మదే. అది మామూలే, రాసేది అమ్మే కదా. చదివిందెవరు అన్నదే ఆయన అడిగింది.

ఆ సంగతి తర్వాత ఇంట్లో ఇద్దరి నోటా విన్నాను. పెద్దమ్మ చెల్లెలి వైపు చూసిందట, పక్కబల్ల ఆయన పేరు చెబుతుంది కదా అని. అమ్మ తలెత్తకుండా చెప్పింది.

"అక్కే చదివింది సార్. నేను తిరిగి చెప్పి రాశాను."

ఆ పెట్టెలు నేను చదవలేదండీ అంది పెద్దమ్మ. అక్కడే ఉన్న మేనేజరు ఆవిడంటే గౌరవం ఉన్నవాడే. అయినా ఆయన ఏం చేస్తాడు? మీరు చదవకుండా ఒక్క అక్షరం పెట్టెక్కదని మీరే అంటారు కదమ్మా అన్నాడు. అప్పటికే చెల్లెలి అబద్ధం అర్థమైపోయి, ఆవిడ పక్కబల్ల ఆయన పేరెత్తకుండానే బయటికి వచ్చేసింది.

ఆవిడను ఆ బల్ల మీంచి తీసేసి నా పక్కన ప్యాకింగులో వేశారు. పెట్టెలకు టేపు అంటించే పని. ఆ బల్ల మా అమ్మకిచ్చారు. గుమాస్తా ఆ నెల నుంచి కిటికీలోంచి క్యాలెండరమ్మా అని కేకేయడం మానేశాడు.

అధికారి వచ్చిన రోజు సాయంత్రం వంటింట్లో అమ్మ ఏడ్చింది. నేను గడప దగ్గర కూర్చుని కూర తరుగుతున్నాను.

"నాకు భయమేసిందక్కా. నీ మీద వాళ్లకు గురి, నిన్నైతే ఏమీ అనరనుకున్నాను."

"తప్పు చదివితే చదివావు," అంది పెద్దమ్మ. "దాన్ని తెచ్చి నా నోట్లో పెట్టావే."

రేపు వెళ్లి నిజం చెప్పమని నేను అమ్మతో పోట్లాడాను. ఇప్పుడు చెబితే ఇద్దరి పరువూ పోతుందని నీళ్లు నమిలింది. అయితే నేనే వెళ్లి చెబుతానన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. చెప్పాల్సింది అది, దాని నోట్లోంచి వస్తేనే నాకు కావాలి అంది. అమ్మ ఆ మర్నాడూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. రోజూ ఆ కుర్చీలో కూర్చుని, ఎవరో తిరిగి చెబుతుంటే నెలల పేర్లు గొంతెత్తి చదువుతోంది. ఆ గొంతు వినిపించినప్పుడల్లా నాకు అసహ్యం వేస్తుంది. కన్నతల్లి కాబట్టి ఇల్లు వదిలి పోలేను, కన్నతల్లి కాబట్టే క్షమించనూ లేను.

మేం ముగ్గురం ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉన్నాం. పెద్దమ్మ అమ్మతో మాట్లాడడం మానలేదు, అలా మానేసినా బాగుండేది. గదిలో నేనుంటేనే మాట్లాడుతుంది. పాలు పొంగుతున్నాయని చెప్పాలన్నా ముందు నేనున్నానో లేదో చూసుకుంటుంది. చెప్పాక నా వైపు తిరిగి, "విన్నావుగా?" అంటుంది. విన్నాను అని నేను చెప్పాలి. నిన్న అన్నం తింటూ అమ్మతో ఏదో చెబుతుంటే, నేను మంచినీళ్ల కోసం లేచాను. పెద్దమ్మ మాట మధ్యలో ఆపేసింది. నేను తిరిగొచ్చేదాకా ఇద్దరూ కంచాల వైపు చూస్తూ కూర్చున్నారు.