పైడమ్మ చింతపిక్కలు

ఎస్.కోట దగ్గరి కూలిపేటలో ముసలి పైడమ్మ రోజూ చింతపిక్కలతో వామనగుంటలు ఆడేది. పిక్కకో పేరు చొప్పున అయినవాళ్లందరినీ తలుచుకునేది.

"ఆడకపోతే బుర్ర తుప్పట్టిపోతాదే," అనేది కోడలు గౌరితో.

పందొమ్మిది వందల అరవై ఏడులో వానలు పడలేదు. ఊరి కామందు తన వడ్ల గాదె తాళం తీయలేదు. ఆటకు దాచుకున్న చింతపిక్కల్ని పైడమ్మే వేయించి మనవలకు పెట్టేసింది. తను పస్తులుంటూ గులకరాళ్లతో ఆడుకుంది.

ఓ మధ్యాహ్నం పొయ్యి మీది మంగలంలో చప్పుడు విని గౌరి పరుగెత్తుకొచ్చింది. అత్త రాళ్లు వేయిస్తోంది.

"ఇదేటత్తా?"

"పిక్కలే. పిల్లలు ఏడుస్తన్నారు. నువ్వెవులమ్మా? కూకో, నీకూ రెండు పెడతాను."

ముసలితనమే అన్నాడు కామందు. ఆయన తల్లి పైడమ్మకంటే పెద్దది. ఇప్పటికీ వామనగుంటల్లో ఆ తల్లిదే గెలుపు.