వాటం

శేరిగూడలో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. అందులో ఒక కాలేజీ స్టేజీ మాత్రం కాశమ్మది. కాగితాల మీద ఎవరి పేరైనా ఉండనీ. చెప్పులతో ఆ మెట్టెక్కితే స్టూడెంటయినా, సారయినా ఆమెకు ఒకటే.

"ఏం బిడ్డా, మీ ఇంట్ల దేవుని అర్రలకు గిట్లనే పోతవా?" అని దులిపేస్తుంది.

ఇబ్రహీంపట్నం నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చి స్టేజీ కడగడం, దీపపు కుంది తోమడం, మైకుకు బొట్టు పెట్టడం ఆమె పని. బొట్టు పెట్టమని ఎవరూ చెప్పలేదు. వద్దనే ధైర్యమూ ఎవరూ చెయ్యలేదు.

కాలేజీకి పాతికేళ్ళు నిండాయని ఈసారి యాజమాన్యానికి గొప్పదేదో చెయ్యాలనిపించింది. ఏటేటా పెట్టే డీజే వద్దనుకుని, విదేశాల్లో పేరు మోసిన పియానో కళాకారిణిని, ఆమె వెనక వాయించడానికి నిండు సింఫనీ ఆర్కెస్ట్రానూ పిలిపించారు. హైదరాబాద్ నుంచి వ్యానులో వచ్చిన పియానోను హమాలీలు స్టేజీ ముందుభాగంలో నిలబెట్టారు. దాని కాళ్ళకు ఇత్తడి చక్రాలు. కదలకుండా పాత హవాయి చెప్పులు కోసి, ఆ ముక్కలు చక్రాల కింద దూర్చి పోయారు.

సాయంత్రం ఆర్కెస్ట్రా వాళ్ళంతా బూట్లతోనే స్టేజీ ఎక్కారు. కాశమ్మ నోరు తెరవబోతే ప్రిన్సిపాల్ నగేష్ కళ్ళురిమాడు. ఆ మంట కడుపులో ఉండగానే, తెర లేవకముందు పియానోకు బొట్టు పెట్టడానికి వంగి ఆ ముక్కలు చూసింది. సరస్వతి కాళ్ళ కింద చెప్పులా! ఒక్కొక్కటే పీకి పారేసి, ఆ చోట బంతిపూలు పెట్టింది. అప్పటికి గానీ ఆమె మనసు చల్లబడలేదు.

తెర లేచింది. మాటల్లేని ప్రేమకథ అని ముందే చెప్పారు. మొదటి భాగంలో ప్రేమ పుట్టింది, రెండోదాంట్లో విరహం సాగింది, హాల్లో సగం మంది ఫోన్లు చూసుకున్నారు. మూడో భాగంలో పియానో ఆవిడ రెండు చేతులతో విరుచుకుపడింది. పక్క తెర దగ్గర నిలబడ్డ కాశమ్మకు చక్రం ముందున్న పూలు నలిగి కనిపించాయి. ఆవిడ ఒక చేత్తో వాయిస్తూ ఇంకో చేత్తో స్టూలు పక్కకు లాక్కుంది.

పియానో జరుగుతోందని కాశమ్మకు అర్థమైంది. కడిగిన నీళ్ళు నిలవకుండా ముందుకు పోవాలని మేస్త్రీ ఆ స్టేజీకి వాటం పెట్టాడు. రోజూ కడిగే మనిషి, ఆ ముక్కలెందుకో ఆమెకు తట్టకపోవడమే విడ్డూరం. స్టేజీ అంచు కింద జంపఖానా మీద, కచేరీ చూడ్డానికి తీసుకొచ్చిన స్కూలు పిల్లలు కూర్చున్నారు.

"స్వామీ, గా పియానో జరుగుతున్నది రా!" అంది పక్కనున్న వాచ్‌మన్‌తో.

"యాడ జరుగుతది అక్కా? మస్తు బరువున్నది."

"బరువున్నదే జరిగితె ఆగదు!"

ఇంకేమీ ఆలోచించలేదు. చెంగు నడుముకు దోపి, వంగి, వందలమంది చూస్తుండగా స్టేజీ మీదికి వెళ్ళింది. ఎవరో నవ్వారు. నగేష్ కుర్చీలోంచి సగం లేచాడు. పియానో కాలికి, అంచుకు మధ్య కూలబడి, వీపు కాలికి ఆనించి, ఉత్త పాదాలు గచ్చుకు తన్నిపెట్టింది. బరువు మెల్లగా ఆమె మీదికి ఒరిగింది. మడమలు కొద్దిగా జారి, మళ్ళీ పట్టుకున్నాయి.

తల మీద మోత ఎముకల్లోకి దిగింది. కాశమ్మకు భయమేసింది, ఏడుపొచ్చింది. ఎదురుగా ఒక పాప తననే చూస్తుంటే వెనక్కి పొమ్మని కళ్ళతో సైగ చేసింది. ఇదీ ఆటలో భాగమనుకుని ఆ పాప మురిసిపోతూ ఇంకా ముందుకు జరిగింది.

ఎప్పటికో మోత ఆగింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. పియానో ఆవిడ అందరికీ వంగి దండం పెట్టి, కిందికి చూసి, నవ్వుతూ కాశమ్మకు చెయ్యి అందించింది. చప్పట్లు రెట్టింపయ్యాయి. కాశమ్మ కదల్లేదు.

నగేష్ స్టేజీ దగ్గరికొచ్చాడు. "సిగ్గెందుకు, లే కాశమ్మా. మేడం పిలుస్తున్నది."

"నేను లేస్తె ఇది పోరగాండ్ల మీద పడ్తది సార్. కింది అడ్డాలు నేనే తీసిన. ముందు పిల్లలను లేపున్రి, నన్ను తర్వాత తిట్టున్రి."

నగేష్ వంగి చక్రం చూశాడు. మరుక్షణం చేతులూపుతూ పిల్లల వైపు పరుగెత్తాడు.