గడిలో ఏడుపుకు చెప్పిన కారణం

తారీఖు లేని మాటను నేను నమ్మను. దయ్యాలకు తారీఖులుండవు కనుక వాటినీ నమ్మలేదు. అయినా ఒక్క దయ్యం కోసం ప్రాణస్నేహితుడితో మాటలు మానుకున్నాను.

1930ల చివరి సంవత్సరాలవి. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచి, చుట్టూ వరిమళ్లు చెరకుతోటలుగా మారుతున్న కాలం. నిజామాబాదులో మా పఠనమందిరం చేతిరాత మాసపత్రికను నడిపేది. ఉండేది ఒక్కటే ప్రతి; దాన్నే ఇంటింటికీ తిప్పేవాళ్లం. కథలు రాసేవాడు నా మిత్రుడు, బడిపంతులు. పాత ఇంగ్లీషు భయానక నవలలు అతనికి కొట్టిన పిండి. వాటిలో మొదటిది 1764లో లండన్‌లో వెలువడిందనీ, దానిలోని కోట, క్రూరుడైన ప్రభువు, మూసిన తలుపులే తరువాతి దయ్యాల కథలన్నింటికీ పెట్టుబడి అయ్యాయనీ అతనే చెప్పాడు. ఆ వంశంలో రెండు శాఖలున్నాయట: ఒకటి దయ్యాన్ని దయ్యంగానే నిలబెడుతుంది, మరొకటి చివరి అధ్యాయంలో ఏదో లౌకిక కారణం చూపి భయమంతా తుడిచేస్తుంది.

"వాళ్లకు కోట ఉంటే మనకు దొర ఉండే గడి లేదా?" అన్నాడొకనాడు.

అప్పుడు మా అక్క సంగతి చెప్పాను. పసుపు ఉడకబెట్టే వెట్టికి మా ఊరి దొర ఆమెను తన గడికి పిలిపించుకున్నాడు. ఆమె మళ్లీ ఇల్లు చేరలేదు. "ఎటో పోయింది" అన్నారు గడివాళ్లు. మా బాపు కూతురి కోసం గడి వాకిట్లో తలపాగా తీసి నిలబడి, అడగలేక తిరిగివచ్చాడు. ఏ దఫ్తరులోనూ ఆమె చావు నమోదు కాలేదు. ఉన్నదున్నట్టు రాస్తే మా ఇద్దరికీ జైలు. దయ్యం నోట పలికిస్తే పట్టుకునేదెవరు?

కథ మొదలైంది. గడి మిద్దెమీది గదిలో ఒక ఆడపిల్ల ఏడుపు. బీడీలు చుట్టే ఒక అవ్వకు చదివి వినిపించే వంతు నాది. "గా పిల్ల ఏడుపు గీ నెలన్న దొర చెవుల పడతదా, బిడ్డా?" అని అడిగేది.

చివరి భాగం చేతికొచ్చింది. గదిలో ఎవరూ లేరట. అటకమీద బోర్లించిన పగిలిన కాగులో గాలి దూరి చేసిన చప్పుడట.

"మా అక్క ఏది?" అన్నాను.

"దయ్యమే లేదంటే అక్క ఏడికెల్లి వస్తదిరా? ఇంగ్లీషు నవలల్ల గీ పద్ధతి ఉన్నది, నీకు చెప్పిన గద."

"రెండు పద్ధతులున్నయని చెప్పినవ్."

అతడు కిటికీ వైపు తిరిగాడు. "దొర కొడుకు మా తమ్మునికి ఫ్యాక్టరీల కొలువు ఇప్పిస్తున్నడు. అయినా దయ్యాల్లేవనేది నువ్వే గద? నువ్వు ఖుష్ కావాలె."

వాదన నాదే, దానితోనే మా అక్కను రెండోసారి మాయం చేశాడు.

పత్రిక పట్టుకుని అవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె బీడీలకు తునికాకు కత్తిరిస్తూ వింటున్నది. అటక మాట వచ్చేముందు ఆపి, పత్రిక మూశాను.

"అయిపోయిందా? పిల్ల ఏమాయె?"

"ఇంక ఏడుస్తనే ఉన్నదవ్వా," అన్నాను.

"ఏడ్వనీ," అన్నదామె. "దొరకు నిద్ర పట్టద్దు."