రోమ్‌లో వియ్యపురాలి బూట్లు

మనిషికి పరువు పోవాలంటే ఎంత ఊరు కావాలి? కొందరికి సొంత వీధి సరిపోతుంది. నాకు రోమ్ కావలసి వచ్చింది. మొదటిసారి వెళ్ళినప్పుడు మహారాణిలా తిరిగొచ్చాను. ఊరుకోకుండా రెండోసారి వెళ్ళాను, ఉన్న పరువు అక్కడే పారేసుకుని వచ్చాను.

నాకు రాత రాదు, సంతకం వరకే. నేను చెబుతుంటే మా అమ్మాయి సుజాత టైపు చేస్తోంది. అప్పుడే నవ్వుతోంది కూడా. నవ్వు తల్లీ, నీ అత్తగారి బూట్లు పోయిన రోజు నీ మొహాన నవ్వు లేదుగా.

మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఆయన ఉన్నారు. ఈ సుజాతే అమెరికాలోని ఫ్రిస్కో నుంచి మమ్మల్నిద్దరినీ తీసుకెళ్ళింది. రోమ్‌లో నది దగ్గర ఒక పాత చర్చి ఉంది. పైకప్పంతా బంగారం పూత, గోడల నిండా బొమ్మలు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. మా ఆయన మాత్రం గడప దాటలేదు. "నువ్వు చూసిరా, నాకిక్కడ ఎండలో హాయిగా ఉంది" అన్నారు. అంత దూరం విమానమెక్కి వచ్చి ఎండ కాగిన మనిషి లోకంలో ఆయనొక్కరే. ఆ మాట పట్టుకుని ఆయన ఉన్నన్నాళ్ళూ దెప్పాను. పోయాక కూడా వదల్లేదు. ఫ్రిస్కోలో ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా, పసుపు కుంకుమ నాకివ్వకపోయినా, నా చేత ఈ కథ మాత్రం చెప్పించుకునేవాళ్ళు. "మా ఆయనకి దేవుడంటే లెక్కలేదమ్మా" అని మొదలుపెట్టేదాన్ని.

కిందటి వేసవిలో మళ్ళీ రోమ్ ప్రయాణం కుదిరింది. ఈసారి మా అల్లుడు కార్తీక్, వాళ్ళమ్మ రాజేశ్వరి గారు కూడా వచ్చారు. ఆవిడ అమెరికాలోనే, అరోరా అనే ఊళ్ళో పెద్దకొడుకు దగ్గరుంటారు. ఇంగ్లీషు చదువుతారు, కారు నడుపుతారు, బ్యాంకువాళ్ళతో ఫోన్లో పోట్లాడతారు. ఆవిడకి తెలియనిది, నాకు తెలిసింది భూమ్మీద ఒక్కటే ఉంది, రోమ్. ఇక ఊరుకుంటానా? విమానంలో ఆవిడని నిద్రపోనివ్వలేదు. "రోమంటే నాకు మా పెరడు వదినగారూ, మీరు నా వెంట రండి చాలు" అన్నాను. మా ఆయన ఎండ కాగిన కథ కూడా వినిపించాను. ఆవిడ దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు.

అదే చర్చి దగ్గర మమ్మల్నిద్దరినీ దింపి, పిల్లలిద్దరూ ఇంకో చోటికి టిక్కెట్ల లైన్లో నిలబడడానికి వెళ్ళారు. మెట్లెక్కాం. గుమ్మం పక్కన నా హవాయి చెప్పులు విప్పి, ఆవిడ కాళ్ళ వైపు చూశాను.

ఆ కాళ్ళ సంగతి మీకు చెప్పాలి. రాజేశ్వరి గారికి షుగరు. అరికాళ్ళకి స్పర్శ తక్కువ. డాక్టరు పాదాల అచ్చు తీయించి మరీ బూట్లు చేయించాడు. వట్టి కాళ్ళతో బయట అడుగు పెట్టకూడదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ విప్పమన్నాను.

"అందరూ చెప్పులతోనే వెళ్తున్నారు వదినగారూ" అన్నారావిడ.

"వాళ్ళకి తెలియదు. తెలిసిన మనం కూడా దేవుడి ముందుకి చెప్పులతో పోతామా? లోపల నున్నటి పాలరాయి, సాక్సులున్నాయిగా."

"ఎవరైనా పట్టుకుపోతే?"

"రోమ్‌లో చెప్పులు పోవు. పోయినసారి ఎంతసేపు వదిలేశానో. విప్పినచోటే ఉన్నాయి. పైగా నేను తొడుక్కోవడానికి వీలుగా ఇటు తిప్పి పెట్టి ఉన్నాయి. అదీ ఈ ఊరి మర్యాద."

 చివరికి ఆవిడ, వియ్యపురాలి మాట తీసెయ్యలేక, వంగి బూట్లు విప్పారు.

లోపల ప్రతి బొమ్మ కిందా నిలబెట్టి, నాకు తెలిసినవీ తెలియనివీ అన్నీ చెప్పాను. బయటికొచ్చేసరికి నా హవాయి చెప్పులు నిక్షేపంలా ఉన్నాయి. ఆవిడ బూట్లు లేవు. పట్టుకుపోయినవాడికి మంచీ చెడ్డా తెలుసు.

మెట్లు అట్లపెనంలా కాలుతున్నాయి. ఎండకి ఆవిడ కాలు బొబ్బలెక్కినా ఆవిడకి తెలియదు, అదీ నా భయం. నా చెప్పులిస్తే ఆవిడ పాదం సగం కూడా పట్టలేదు. గుమ్మం నీడలో కూర్చోబెట్టి, ఆ రెండు కాళ్ళూ నా ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో విసురుతూ కూర్చున్నాను. వచ్చేపోయే తెల్లవాళ్ళు మమ్మల్ని కూడా అక్కడి బొమ్మల్లో కలిపేసి ఫొటోలు తీసుకున్నారు.

రాజేశ్వరి గారు నా ఒళ్ళో ఉన్న తన కాళ్ళ వైపు చూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "పిల్లల పెళ్ళిలో వియ్యపురాలి కాళ్ళు కడగాలి కదా అని మా ఆడపడుచు అడిగితే, హాల్లో కార్పెట్ తడిస్తే ఒప్పుకోరన్నారు మీరు. పోనీలెండి. ఆ ముచ్చట ఇక్కడ తీరింది."

భూమి చీలితే బాగుండేది. అక్కడ అంతా రాయి.

పిల్లలొచ్చారు.  కార్తీక్ తన బూట్లు విప్పి తల్లికి తొడిగి, సాక్సులతోనే షాపు వెతుక్కుంటూ పోయాడు. అల్లుడు తిట్టినా బాగుండేది. సుజాత మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇక్కడ చెప్పులు విప్పమని నీకెవరు చెప్పారమ్మా?"

"పోయినసారి విప్పానుగా. ఎవరూ ముట్టుకోలేదుగా."

"ఎలా ముట్టుకుంటారు? నాన్న పట్టుకుని నిలబడ్డారు."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు లోపలున్నంతసేపూ నీ చెప్పులు నాన్న చేతిలోనే ఉన్నాయి. నువ్వు వస్తుంటే చూసి కింద పెట్టి, నీ వైపు తిప్పారు. చెప్పులు నేను చూస్తాను, మీరు లోపలికి వెళ్ళండి నాన్నా అంటే వినలేదు. చెప్పులతో వెళ్ళమంటే మీ అమ్మ లోపలికే వెళ్ళదు, ప్రశాంతంగా చూడనీ అన్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పొద్దన్నారు. నువ్వు తిట్టినప్పుడల్లా నా వైపు చూసి కన్నుకొట్టేవారు."

అప్పటికి నా ఒళ్ళో ఆవిడ కాళ్ళు లేవు కాబట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకోవడానికి వీలైంది.

షాపు బూట్లతో నడవకూడదు కాబట్టి, మిగిలిన రోమ్ అంతా రాజేశ్వరి గారు అద్దె చక్రాల కుర్చీలో కూర్చుని చూశారు. తోసింది నేను. ఆ ఊరి వీధులన్నీ గుండ్రాళ్ళే. నాకు రెండోసారి కనిపించిన రోమ్ ఆవిడ జడముడి మాత్రమే.

అందుకని అందరి ముందూ ఒట్టు పెడుతున్నాను. ఇక ఏ దేశంలోనైనా సరే, ఏ దేవుడి గుమ్మంలోనైనా సరే, ఇంకొకరిని చెప్పులు విప్పమనను. విప్పక తప్పని చోట కాపలా నేనే ఉంటాను.

మొన్న ఆవిడ ఫ్రిస్కో వచ్చినప్పుడు మా గుడికి తీసుకెళ్ళాను. చెప్పులకి అరలున్నాయి, అయినా నేను నమ్మలేదు. కొత్త బూట్లు, డాక్టరు మళ్ళీ అచ్చు తీసి చేయించినవి. ఆవిడకి గుడిలో వేసుకునే మెత్తటి జోడు తొడిగి లోపలికి పంపి, ఆ బూట్లు రెండు చేతులా పట్టుకుని బయట ఎండలో నిలబడ్డాను. తీర్థం తీసుకుని ఆవిడ వస్తుంటే చూసి, వంగి కింద పెట్టి, ఆవిడ వైపు తిప్పాను.

ఆవిడ బూట్లు చూశారు, నన్ను చూశారు.

"ఇంత దూరం వచ్చి లోపలికి కూడా రాలేదు. మీకు దేవుడంటే లెక్కలేదా వదినగారూ?"