వాపస్ పంపని ఎస్ఎస్‌డి

మా ఇంటికి చుట్టాలెవరు వచ్చినా ఈ కథ ఒకసారి బయటికి వస్తుంది. చాయ్ పోసేలోపే ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. "మా చిన్న కోడలు పెండ్లి ఆల్బములు తయారు చేస్తుండె. మంచిగనే నడుస్తుండె. కంప్యూటర్‌కు కొత్త ఎస్ఎస్‌డి కొనిచ్చినంక ఆమెకే మనసు ఇరిగింది, ఇడిసిపెట్టింది. గదే ఎస్ఎస్‌డి ఇయ్యాల దుకాణంల గుర్రం లెక్క ఉరుకుతాంది!" గుర్రం దగ్గర అందరూ నవ్వుతారు. ఆ నవ్వు అయిపోయేదాకా నేను బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని గడప దగ్గర నిలబడాలి.

ఈ కథలో నిజాలు కలిసున్నాయి, అదే నా మంట. ఆ ఎస్ఎస్‌డి, అంటే ఫైళ్ళు దాచుకునే డ్రైవ్, నడుస్తున్న మాట నిజం. దుకాణంలో బిల్లులు కొట్టే కంప్యూటర్లో ఒక్కసారి కూడా మొరాయించలేదన్నదీ నిజం. నేను విసుగొచ్చి పని మానుకున్నానన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఆ డ్రైవ్ వల్లనే నా పని పోయింది. ఒకే వస్తువు ఒకచోట పనికొచ్చి ఇంకోచోట కొంప ముంచుతుందని చెప్పబోతే "మల్ల షురూ చేసింది" అంటారు. ఇక్కడ అడ్డు తగిలేవాళ్ళు లేరు కాబట్టి మొత్తం చెప్తాను.

మాది బీదర్ గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్‌లో, పప్పుల హోల్‌సేల్ దుకాణం. జనవాడ, మన్నళ్ళి వైపు రైతులు తెచ్చే కందులు, పెసలు మా అరుగు మీద దిగుతాయి. గద్దె మీద మా బావ, అంటే నా భర్తకు అన్న, కూర్చుంటాడు. ఆయన పక్కన నా భర్త. సంబంధం మాట్లాడేటప్పుడు "పిల్ల డిగ్రీ చదివింది" అని ఊరంతా చెప్పుకున్న ఈ కుటుంబమే, పెళ్ళయ్యాక ఆ డిగ్రీని పట్టుచీరతో పాటు మడిచి బీరువాలో పెట్టించింది. పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక నేను చౌబారా దగ్గర ఒక సెంటర్‌కు పోయి ఫోటోషాప్ నేర్చుకున్నాను. ఊళ్ళో ఒక స్టూడియోకు పెళ్ళి ఆల్బములు చేసిపెట్టడం మొదలుపెట్టాను. పెళ్ళికూతుర్ని గులాబీ పువ్వులో కూర్చోబెట్టడం, పెళ్ళికొడుకును చందమామ మీద నిలబెట్టడం నా దగ్గర లేవు. అప్పగింతలప్పుడు ఏడ్చే తల్లి ముఖం బాగుంటే అదొక్కటే పేజీ నిండా పెట్టి వదిలేసేదాన్ని. స్టూడియో ఆయన మొదట్లో భయపడ్డాడు. తర్వాత్తర్వాత పార్టీలే "ఆ మేడం చేసినట్టు కావాలె" అని అడగడం మొదలుపెట్టారు. ఎవరి కోడలినో, ఎవరి తల్లినో కాకుండా నన్ను నన్నుగా అడిగింది ఆ పని ఒక్కటే. పోయిందీ అదే.

ఇప్పటి పెళ్ళంటే ఇద్దరు కెమెరామన్లు, పైన డ్రోను. ఒక్క పెళ్ళికే వేల ఫోటోలు. నా కంప్యూటర్లోని పాత హార్డ్ డిస్క్ అంత బరువు మోయలేక గరగరలాడేది. తిరిగే బిళ్ళ లేకుండా చిప్పుల మీదే దాచుకునే ఎస్ఎస్‌డి వేయించాలనుకున్నాను. సరిగ్గా అప్పుడే పండగ సేల్‌లో ఒకటి సగానికి సగం ధర తగ్గించి పెట్టారు.

ధర తగ్గిందనగానే ఎగిరి గంతేసే రకం కాదు నేను. ఎందుకు తగ్గించారన్నది ముందు తెలియాలి. పాత స్టాకు వదిలించుకుంటున్నారా? పైన కొత్త మోడల్ వచ్చిందా? లేక పేరు, పెట్టె అవే ఉంచి లోపలి సరుకు మార్చారా? కొన్నవాళ్ళు రాసినవన్నీ కూర్చుని చదివాను. మొదట్లో కొన్నవాళ్ళంతా పొగిడారు. ఈ మధ్య కొన్నవాళ్ళు ఏడ్చారు. విప్పి చూసిన ఒకరిద్దరు లోపల చిప్పు మారిందని ఫోటోలు కూడా పెట్టారు. అమ్మేవాళ్ళను అడిగితే "నిశ్చింతగా కొనండి" అన్నారే తప్ప మారిందో లేదో చెప్పలేదు. జవాబు చెప్పకపోవడం కూడా ఒక జవాబే అని నాకు అప్పుడే అర్థమైంది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. చవక డ్రైవుల్లో ముందుండే కొంచెం భాగమే వేగంగా పనిచేస్తుంది. మా దుకాణం అరుగు లాంటిదన్నమాట. బండి మీది సంచులు అరుగు మీద దించడం ఎంతసేపు? అరుగు నిండాక ప్రతి సంచీ మోసుకుపోయి వెనక గోదాములో పెట్టాలి, అక్కడే నడుం విరుగుతుంది. కొంచెం కొంచెం రాసుకునేవాళ్ళకు అరుగు ఎప్పటికీ నిండదు, వాళ్ళకు ఆ ధరకు అది బంగారం లాంటి బేరం. నాలాగా ఒక పెళ్ళి మొత్తాన్ని ఒక్కసారిగా గుమ్మరించేవాళ్ళకు కాదు. చవక వస్తువు చెడ్డదని నేను ఏనాడూ అనలేదు, నా పనికి రాదన్నాను. ధర తగ్గించకుండా అమ్ముతున్న ఇంకోదాన్ని చూసిపెట్టుకున్నాను.

కానీ మా ఇంట్లో పెద్ద వస్తువు ఏది కొన్నా బావ చేతి మీదుగానే కొనాలి. బేరం ఆయన హక్కు. ఫోన్‌లో రెండూ చూపించాను.

"రెండు ఒక్కతీరుగనే కనవడుతున్నయి గదమ్మా. దీంట్ల ఎంత జాగ ఉన్నదో దాంట్ల గంతే ఉన్నది. గదానికి డబల్ ఎందుకు పెట్టాలె?"

"రెండు సంచులల్ల కందులు ఒక్కతీరుగ కనవడితే ఒక్కటే రేటు కడతరా బావా?"

"కందుల సంగతి నువ్వు నాకు చెప్తవా?"

"కందుల సంగతి మీరే చెప్పుండ్రి. ఎస్ఎస్‌డి సంగతి నేను చెప్తున్న."

నా భర్త పక్కనే కూర్చుని పేపర్ తిరగేస్తున్నాడు. బావ నా ముందే, తన ఫోన్‌లోనే, సగం ధరది ఆర్డర్ పెట్టాడు.

అది వచ్చింది. బిగించాం. బావ ఇంటిల్లిపాదినీ కంప్యూటర్ ముందుకు పిలిచాడు. ఆ మనిషి గంజ్‌లో సంచి కొనే తీరు చూడాలి మీరు. మూతి దగ్గర గింజ ఎంత మెరిసినా నమ్మడు. సంచి కడుపులోకి ఇనుప గొట్టం పొడిచి, లోపలి గింజ లాగి, ఒకటి పంటి కింద కొరికితేగాని రేటు నోటి నుంచి రాదు. అంతటి మనిషి ఒకే ఒక్క సినిమాను ఆ డ్రైవ్ మీదికి కాపీ చేసి చూశాడు.

"చిటికెల అయిపాయె! ఏమంటవిప్పుడు?"

"మీరు సంచి మూతి చూసిండ్రు బావా. కడుపుల పొడవలేదు. ఒక పెండ్లి మొత్తం ఎక్కించి చూద్దాం."

"ఇంటికొచ్చిన కొత్త మాల్‌కు వంకలు పెడితే లక్ష్మి నిలవదు."

"లక్ష్మికి వంకలతోని పనేంది? రివ్యూలు చదివి వచ్చింది నేను, లక్ష్మి కాదు."

ఆ మాట కొంచెం ఎక్కువైందేమో, నాకు తెలీదు. బావ లేచిపోయాడు. ఆయన కోపమంటే మాట బంద్. ఎంత అవసరమైనా మధ్యలో నా భర్త చేత చెప్పించాల్సిందే.

మరునాడు అన్నదమ్ములిద్దరూ దుకాణానికి పోయాక పాత పెళ్ళి ఒకటి పూర్తిగా ఎక్కించాను. మొదట ఉరికింది. తర్వాతా? ఎండాకాలంలో మునిసిపాలిటీ నల్లా చూశారా? భుస్సుమని వచ్చి, బిందె సగమయ్యేసరికి సన్నని ధార, ఆ తర్వాత చుక్క చుక్క. అచ్చం అట్లాగే. ఆ చుక్కల మధ్య ఒక ఫోటో తెరుద్దామంటే కంప్యూటర్ కొయ్యబారిపోయింది. అన్యాయంగా తీర్పు చెప్పకూడదని కాసేపు ఖాళీగా వదిలి మళ్ళీ చేశాను. కొంచెం తేరుకుని మళ్ళీ అదే వరస. డ్రైవ్ నిండుతున్న కొద్దీ ఆ ముందు ఉరుకు కూడా తగ్గుతూ వచ్చింది.

వాపస్ గడువు ఇంకా ఉంది. కానీ ఆర్డర్ ఉన్నది బావ ఫోన్‌లో. ఆ ఫోన్ పొద్దంతా గద్దె మీద, నా భర్త మోచేతి పక్కనే ఉంటుంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఆయనతో చెప్పాను.

"గడువున్నది, వాపస్ పెట్టుమని అన్నకు చెప్పుండ్రి."

"నువ్వే చెప్పరాదు?"

"నాతోని మాట బందాయె గదా. మీరు పొద్దంత పక్కపక్కనే కూసుంటరు. గంత మాట అడగరాదా?"

"సరే తీయి, అడుగుత."

మరునాడు చేతులు కడుక్కుంటూ, నా వైపు తిరక్కుండా చెప్పాడు. "అన్న వద్దన్నడు. ఒక్కసారి పట్టిన మాల్ వాపస్ చేసే ఖాందాన్ కాదు మనది అన్నడు."

నమ్మాను. ఎందుకు నమ్మనూ? గంజ్ కట్టుబాటు అదే. నమూనా చూసి, సరే అని నోటితో అన్నాక, లోపల మట్టి వచ్చినా పుచ్చు వచ్చినా సంచి వెనక్కి పోదు. చూసి పట్టింది నువ్వు, తప్పు నీ కళ్ళది. మా మామగారి కాలం నుంచీ ఆ పేరు మీదే దుకాణం నిలబడింది. ఎదురుగా నిలబడ్డ రైతుకు ఇచ్చే మాటను ముఖం కూడా తెలియని సేల్‌వాడికి ఇచ్చే వెర్రితనం మా బావకు తప్ప ఇంకెవరికి ఉంటుందని బావ దుకాణంలో ఉన్న వేళల్లో నాలుగిళ్ళకు వినబడేట్టు అరిచాను. ఆ అరుపులతోనే గడువు అయిపోయింది.

తర్వాత బసవకళ్యాణ్ పెళ్ళి వచ్చింది. పెద్ద పార్టీ. రిసెప్షన్ రోజు స్క్రీన్ మీద ఫోటోలు వరుసగా నడవాలి, వాటి వెంట ఆల్బం. కెమెరా కార్డుల నుంచి కాపీ పెట్టి వంట చేసి వచ్చి చూస్తే తెర మీద కాపీ గీత ముందుకు జరగలేదు. ఎక్కినన్ని చాలులే అని పని మొదలుపెడితే ప్రతి పేజీకీ తెర బిగుసుకుపోయేది. స్టూడియో ఆయన ఫోన్ మీద ఫోన్.

"అక్కా, క్యా కరూఁ చెప్పండి? పార్టీవాళ్ళు నా తలకాయ తింటుండ్రు. స్క్రీన్ మీద ఏం చూపియ్యాలె, ఖాళీ బట్టనా?"

"ఇంకొంచెం టైం ఇయ్యి తమ్మీ. కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తాంది."

"మొన్ననే కొత్త ఎస్ఎస్‌డి వేసిన అన్నరు గదా?"

దానికి ఏం చెప్పాలి? మా ఖాందాన్ పరువు సంగతి చెప్పాలా?

సాయంత్రం వచ్చి కార్డులు తీసుకుపోయాడు. హుమ్నాబాద్‌లో ఎవరికో ఇచ్చి చేయించుకున్నాడు. మంచివాడే, ఒక్క మాట కూడా అనలేదు. "సీజన్ డల్ ఉన్నది అక్కా" అనేవాడు, అంతే. ఆ డల్ సీజన్‌లోనే పెళ్ళి బ్యాండు మా వీధిలోంచే పోయేది. ఇంకోటి కొనుక్కోవలసింది కదా అంటారు మీరు. కొత్తది ఇంట్లో ఉండగా ఇంకో కొత్తదా అని ఇంట్లో పెద్ద పంచాయితీ. అది తేలేలోపు అడిగేవాళ్ళే లేకుండా పోయారు. ఒకసారి చుట్టాలింట్లో ఆ స్టూడియో కొత్త ఆల్బం చూశాను. పెళ్ళికూతురు గులాబీ పువ్వులో కూర్చుని ఉంది.

డ్రైవ్‌ను నా భర్తే విప్పించి దుకాణం కంప్యూటర్‌కు వేయించాడు. ఉరకదా మరి? రోజుకు పడే బిల్లులకు అరుగులో మూల కూడా నిండదు. చుట్టాల ముందు నడిచే గుర్రం కథ అక్కడ పుట్టింది.

మొన్న మధ్యాహ్నం, అన్నదమ్ములిద్దరూ భోజనానికి వచ్చినప్పుడు, బావ ఫోన్ పట్టుకుని వంటింటి దాకా వచ్చాడు. మాట బంద్ ఎప్పుడో తీరిందిలెండి, ఇల్లన్నాక తీరకపోతే పొయ్యి వెలగదు.

"ఏమ్మా, దుకాణంల రెండో కంప్యూటర్‌కు ఎస్ఎస్‌డి కావాలె. గిది సేల్‌ల పెట్టిండ్రు. తీస్కోవచ్చునా? నువ్వు చూసి చెప్పు."

నువ్వు చూసి చెప్పు! ఇన్నాళ్ళకు. చేతులు తుడుచుకుని చూశాను. అబద్ధం చెప్పి కసి తీర్చుకునే అలవాటు నాకు లేదు.

"బిల్లులకైతే తీస్కోండ్రి, గీ ధరకు మంచిదే. వచ్చినంక గడువు లోపలనే నిండుగ నింపి చూడుండ్రి. బాగ లేకుంటే ఏం చేస్తరో మరి, పట్టిన మాల్ వాపస్ చేసే ఖాందాన్ కాదు గదా మీది!"

బావ నా ముఖం వైపు చూశాడు. "గట్లెవరన్నరు?"

"మీరే అన్నరట."

"అది గంజ్‌ల ముచ్చట. గీ ఆన్‌లైన్ల వాడెవడో, మనమెవలమో. వానికి నేనేడ మాటిచ్చిన? మొన్న మీ అక్క చెప్పులు గూడ వాపస్ పంపితి గదా."

మా తోడికోడలు చెప్పులు వెనక్కి పోయిన మాట నిజమే. బిగువయ్యాయని రెండుసార్లు పంపారు.

"మరి నా ఎస్ఎస్‌డి ఎందుకు పంపలేదు బావా?"

"నువ్వు వాపస్ అన్నట్టు నాకు ఎరికె లేదమ్మా. చెప్తే పంపకపోదునా?"

నా భర్త అక్కడే అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. పప్పు కలుపుకుంటూ, "ఉప్పు జర తక్కువైంది" అన్నాడు.

బావ అబద్ధమాడి ఉండవచ్చు. ఆయన వ్యాపారి, పొద్దుటి రేటు సాయంత్రానికి ఆయనకే గుర్తుండదు. ఆనాటి మాట ఈనాటికి సిగ్గనిపించి మింగేసి ఉండవచ్చు. లేదా ఆ మాట బావది కానే కాకపోవచ్చు. అన్నను అడగడానికి భయపడ్డవాడు, నేను తప్పకుండా నమ్మే మాట ఒకటి ఏరి నా చేతిలో పెట్టి ఉండవచ్చు. భయం కూడా కాదేమో. పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చునే భార్య కంటే వేళకు అన్నం పెట్టే భార్య మేలనిపించిందేమో. ఇన్నేళ్ళూ నేను తిట్టుకున్నది తిట్టవలసిన మనిషినేనా అన్నది ఇప్పుడు నాకు తేలడం లేదు. ఆ రాత్రి ఆయన్ని నిలదీస్తే, "ఎప్పటి ముచ్చటో ఇప్పుడెందుకు" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఎప్పటిదైనా నాకు కావాలి. ఏమండీ, నేను వాపస్ సంగతి చెప్పిన ఆ మధ్యాహ్నం మీరు భోంచేసి దుకాణానికి తిరిగి పోయాక, గద్దె మీద మీ అన్న పక్కన కూర్చున్నాక, అసలు నోరు తెరిచి అడిగారా?